బి సెక్షన్ సగటు యాభై రెండు

నేతపేట,
ఎమ్మిగనూరు దగ్గర, కర్నూలు జిల్లా.
తేదీ: 12-2-2007

జిల్లా విద్యాశాఖాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పదవ తరగతి బి సెక్షన్ చదువుచున్న నా కుమార్తె శివలీల గణితం మార్కులు ముప్పై తొమ్మిది మాయమగుట – ఆపై హాల్‌టికెట్టు నిలిపివేయుట – విచారణ జరిపించి, సదరు బాలిక ఒక్కదానికైనా హాల్‌టికెట్టు ఇప్పించుట గురించి.

చేనేత కార్మికుడు సోమన్న అను నేను విన్నవించుకొనునది ఏమనగా, నాది ఏడవ తరగతి చదువు. నా రాత కోడి కెలికినట్లుండును. కాబట్టి నేను చెప్పుచుండగా నా కుమార్తె శివలీలయే ఈ అర్జీ రాయుచున్నది. కొట్టివేతలు ఉన్న అర్జీ చెల్లదని మండలాఫీసు గుమాస్తా ఒకాయన చెప్పినారు. అది నిజమో, నా చేత ఇంకో నాలుగు కాగితాలు కొనిపించే ఎత్తో తెలియదు. ఏదయినా కొట్టివేతలు లేకుండానే రాయించుచున్నాను.

1. మొన్న సెప్టెంబరులో జరిగిన మూడు నెలల పరీక్షలో నా కుమార్తెకు గణితంలో నూటికి తొంభై ఒకటి వచ్చినవి. అదే తరగతిలో చదువుచున్న బసమ్మ అను బాలికకు పద్దెనిమిది వచ్చినవి. ఈ బసమ్మ నా పక్కింటి సుంకప్ప కూతురు. వాని మగ్గమూ నా మగ్గమూ ఒకే గోడకు అటూ ఇటూ ఉండును. డిసెంబరులో అర్ధ సంవత్సరం పరీక్షలో నా కుమార్తెకు యాభై రెండు, సుంకప్ప కూతురికి యాభై ఒకటి వచ్చినవి.

2. నా బిడ్డకు ముప్పై తొమ్మిది తగ్గినవి. సుంకప్ప బిడ్డకు ముప్పై మూడు పెరిగినవి. ఇక్కడ తీసి అక్కడ వేసినారని అనుమానించుటకు పెద్ద చదువు అక్కరలేదు. తక్కిన ఆరు మార్కులు ఎవరు తిన్నారో కూడా తేలవలసియున్నది. దసరా మరునాడు గణితం శేషన్న సారు సుంకప్ప అరుగు మీద కూర్చుండి ఉగ్గాని తినుట నేను కంటితో చూచితిని. ఊరికే ఎవరైనా ఎవరికైనా ఉగ్గాని పెడతారా అని మనవి.

3. శేషన్న సారును బడి గేటు దగ్గర పట్టుకొని, "ఏం సార్, నా బిడ్డ మార్కులు యాడికి పోయినాయి?" అని అడిగితిని. "నేను తీసేది ఏముండాదప్పా? ఆ పాప రాసిందే అంత. రాయనిదానికి మార్కులు ఎట్ల ఏస్తా?" అని జవాబు పత్రము నా చేతికి ఇచ్చినారు. సగం కాగితము తెల్లగా ఉండెను. కాగితము మార్చినారేమోనని వెలుతురుకు పట్టి చూచితిని. రాత నా బిడ్డదే. ఇంట్లో అడిగితే "రాలేదు నాయనా" అని తల వంచుకొనెను. తొంభై ఒకటి వచ్చిన పిల్లకు మూడు నెలల్లో రాకుండా పోవుట ఏమిటి? నా అనుమానం అప్పుడు ఇంకా ముదిరినది.

4. నేను బడి దగ్గర నాలుగు సార్లు గొడవ చేసినందువలన జనవరి 22న ఒక తనిఖీ అధికారి వచ్చినారు. నన్ను కూడా పిలిపించినారు. ఆయన రెండు సెక్షన్ల మార్కులు పక్కపక్కన పెట్టి, చేతిలో లెక్కలు వేసే మిషనుతో చాలాసేపు నొక్కి, "రెండు సెక్షన్లకూ సగటు యాభై రెండే" అనిరి. అయితే గొడవేమి అంటిని. "సగటు చూసి మోసపోకూడదప్పా. మార్కులు ఎంత దూరం చెదిరినాయో చూడల్ల" అని చూపించినారు. ఎ సెక్షన్ మగపిల్లలు ముప్పై ఒక్కరు. తక్కువ తొమ్మిది, ఎక్కువ తొంభై మూడు. మధ్య దూరం ఎనభై నాలుగు. బి సెక్షన్ ఆడపిల్లలు పధ్నాలుగు మంది. తక్కువ యాభై ఒకటి, ఎక్కువ యాభై మూడు. మధ్య దూరం రెండే రెండు. "పైగా అందరూ విడిచిపెట్టిన ప్రశ్నలు అవే. ఒక తల ఆలోచించింది, పదమూడు చేతులు రాసినాయి" అని, విచారణ తేలేవరకు పధ్నాలుగు మంది హాల్‌టికెట్లు నిలుపుమని చెప్పి వెళ్లినారు.

ఆ మాట నేను ఒప్పుకొంటిని. ఎందుకనగా, మా చేనేత సొసైటీలో తొమ్మిదేండ్లుగా బట్ట పరీక్ష చేయువాడను నేనే. భూతద్దము పెట్టి అంగుళానికి ఎన్ని పోగులో లెక్కపెట్టుదును. చేతితో నేసిన బట్టలో ఒకచోట పోగు ఎక్కువ, ఒకచోట తక్కువ పడును. ఈ కొస నుండి ఆ కొస దాకా ఒకటే లెక్క వచ్చిందంటే అది మరమగ్గం సరుకని పక్కన పారవేయుదును. ఆ అధికారి చేసినదీ అదే పని.

5. హెడ్మాస్టరు గారు నన్ను పక్కకు పిలిచి, "నీ బిడ్డకు మునుపు తొంభై ఒకటి వచ్చినాయి కదప్పా. దాన్ని చూసి తక్కినోళ్లు రాసింటారు. ఆ పాపకు మాత్రం ఇంకో పరీక్ష పెట్టించి హాల్‌టికెట్టు ఇప్పిస్తాం. ఒక అర్జీ రాసుకో" అనినారు. ఇందులో ఏదో మతలబు ఉన్నదని తోచినది గానీ, లాభం నా బిడ్డకే కాబట్టి ఒప్పుకొంటిని. కావున బి సెక్షన్‌లోని తక్కిన పదమూడు మంది బాలికలు నా కుమార్తె పత్రము చూచి

6. ఇక్కడ రాత ఆగినది. నా కుమార్తె పెన్ను కింద పెట్టి, "ఇది నేను రాయను" అనెను. పిమ్మట జరిగిన మాటలు తమకు తెలియవలసినవే కనుక, జరిగినవి జరిగినట్లే రాయించుచున్నాను.

"ఎందుకు రాయవు?" అంటిని.

"ఎవురూ చూసి రాయలేదు నాయనా. బసమ్మకు ఏమేమి వస్తాయో అవే రాయల్లని అందరమూ ముందే మాట్లాడుకుంటిమి. తక్కినవి వచ్చినా ముట్టుకోలేదు."

"వచ్చిన లెక్కలు విడిచిపెట్టేకి నీకేమన్నా తిక్క పట్టిందా?"

"శ్రావణంలో మీరే కదా చెప్పినారు, అర్ధ సంవత్సరం పరీక్షలో సగటు కంటే కింద పడిన పిల్ల బడి మాని రాట్నం కాడ నూలు కండెలు చుట్టల్లని. నేను తొంభై తెచ్చుకుంటే సగటు పైకి పోతాది. పోయినప్పుడల్లా ఎవురో ఒకరు కింద పడతారు. అందరికీ ఒకటే వస్తే కింద ఎవురుంటారు?"

"బసమ్మకు పద్దెనిమిది కదా వచ్చినాయి?"

"దసరా నుంచి రోజూ దానికి నేర్పిస్తాంటిమి. శానా కష్టపడింది. యాభై దాకా వచ్చింది. అంతకంటే రాలేదు, మేము ఆడనే ఆగితిమి."

ఇదంతా రాయల్లనా అని అడిగినది. రాయి అంటిని.

7. శ్రావణమాసంలో మా పేట తండ్రులందరం కూర్చుండి పై నిర్ణయం చేసిన మాట వాస్తవము. కండెలు చుట్టే చేతులు చాలక మగ్గాలు ఆగుచుండెను. అందరు ఆడపిల్లలనూ మాన్పించుట పాపము, ఎవరినీ మాన్పించకుంటే గడవదు. అర్ధ సంవత్సరం పరీక్షలో సగటు అందుకున్న పిల్ల చదవవలెను, అందుకోని పిల్ల ఇంటికి రావలెను అని తీర్మానమైనది. ఆ మాట మొట్టమొదట అన్నవాడు ఈ అర్జీదారుడే. మా సొసైటీలో సగటు అంటే గోడ మీద రాసిపెట్టిన అంకె. నెలకు ఎనిమిది చీరలు. కష్టపడితే అందరూ దాటవచ్చును. దాటినవాడు మొనగాడు. బడిలో సగటు అట్లా కాదని, పిల్లలు ఎక్కేకొద్దీ అదీ ఎక్కుతుందని, పధ్నాలుగు మందీ సరస్వతులే అయినా ఎవరో కొందరికి దాని కింద చోటు తప్పదని మాలో ఒక్కనికీ తెలియదు. పదిహేనేండ్ల పిల్లలకు తెలిసినది. నాకు సిగ్గుగా ఉన్నది.

8. కావున పై 2వ అంశము రద్దు. మార్కులు ఎవరూ తీయలేదు, ఎవరూ తినలేదు. శేషన్న సారు ఆకలై ఉగ్గాని తినియుండవచ్చును. 5వ అంశములో సగం రాసిన వాక్యమూ రద్దు. అర్జీ మొదట విషయములో "ఒక్కదానికైనా" అని ఉన్నచోట "పధ్నాలుగు మందికీ" అని చదువుకొనవలెను.

9. అయితే నాకు ఒక అనుమానం మిగిలియున్నది. ఒకే సారు, ఒకే పుస్తకం, ఒకే బడి. ఎ సెక్షన్‌లో ఒక పిల్లవానికి తొంభై మూడు, ఇంకొకనికి తొమ్మిది. దాని మీద ఎవరికీ అనుమానం రాలేదు, ఎవరూ విచారణ అడగలేదు. పద్దెనిమిది వచ్చిన పిల్లను తోటిపిల్లలు యాభైకి తెచ్చినందుకు మాత్రం హాల్‌టికెట్లు నిలిచినవి. ఈ రెండింటిలో ఏది విచారించదగినదో పెద్దలు తామే చెప్పవలెను.

ప్రార్థన ఏమనగా, పధ్నాలుగు మందినీ విడివిడి గదుల్లో కూర్చుండబెట్టి, తమకు నమ్మకమైన వారిని కాపలా ఉంచి, మళ్లీ పరీక్ష పెట్టించవలెను. ఎవరి మార్కులు వారికే చెవిలో చెప్పవలెను. సగటు మాత్రం మా తండ్రులకు చెప్పవద్దు. అడిగినా చెప్పవద్దు. నేను వచ్చి అడిగినా చెప్పవద్దు. పబ్లిక్ పరీక్షలు వచ్చే నెలలోనే గనుక హాల్‌టికెట్లు వెంటనే ఇప్పించి, ఈ పిల్లలను తమ బిడ్డలుగా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
(ఇంకా కొంత అనుమానంతోనే)
సోమన్న

తా.క.: అయ్యా, ఇది శివలీల రాస్తున్నాను. మా నాయన కవరు తెచ్చేదానికి అంగడికి పోయినాడు. ఆయన చెప్పకుండా వదిలిన మాట ఒకటి ఉంది. తనిఖీ అయిన రోజు మా నాయన ఇంటికి వచ్చి, కోపంలో గోడ మీది నుంచి, "సుంకప్పా, నీ బిడ్డ సగటుకు ఒక మార్కు తక్కువ" అని అరిచినాడు. యాభై ఒకటి వచ్చినవాళ్లు ఇంకా నలుగురు ఉన్నారు. వాళ్ల నాయనలకు ఎవరూ చెప్పలేదు కాబట్టి వాళ్లు బడికి వస్తున్నారు. బసమ్మ ఆ మరుసటి రోజు నుంచి రావడం లేదు. రాట్నం చప్పుడు మాకు గోడ ఇవతలికి వినిపిస్తుంది. మా నాయనకు కూడా వినిపిస్తుంది. ఈ అర్జీ మధ్యలో ఆగినప్పటి నుంచి, రెండు దినాలుగా అన్నం సరిగా తినడం లేదు. పోయి చెప్పు నాయనా అంటే, సుంకప్ప మామ ముఖం చూడలేను అంటాడు.

ఆఫీసు నుంచి బసమ్మ పేరు మీద కాగితం వస్తే వాళ్ల నాయన కాదనలేడు. అందుకని హాల్‌టికెట్లు అన్నీ ఒకే కవరులో పంపండి. పదమూడే వస్తే మాలో ఎవ్వరమూ తీసుకోము.