గుండ్లకొండ దారి మళ్లీ తెరుస్తున్నారు

కుందుర్పి,
ఆగస్టు 17, 2025.

చిరంజీవి ఆశ్రితకు,

మీ నాయన దివాకర్ మనసారా దీవించి రాస్తున్నాడు. మేమిద్దరం ఇక్కడ బాగున్నాం. కదిరిలో నీ కాలేజీ ఉద్యోగం, నీ ఆరోగ్యం చక్కగా ఉన్నాయని తలుస్తాను. ఉత్తరమేమిటి, ఫోను పనిచేయడం లేదా అనుకుంటావేమో. పనిచేస్తోంది. కానీ నేను రెండు మాటలు అనేలోపే నువ్వు ‘సరే నాయనా, క్లాసుంది’ అని పెట్టేస్తావు. కాగితమైతే చివరిదాకా చదువుతావని కలం పట్టుకున్నాను.

ముందు ఊరి సంగతులు. ఈసారి వాన మొదట్లో బాగా ఆశపెట్టింది. అందరితోపాటు మనమూ శెనక్కాయ వేశాం. తీరా ఊడలు దిగే వేళకు మొగం చాటేసింది. పడమటి చేను వాడిపోయింది, బావి కింది మడిచెక్క ఒక్కటే పచ్చగా ఉంది. పోయిన వారం గట్టు మీది చెదపుట్ట కోసం వచ్చిన ఎలుగుబంటి ఆ కాస్త పచ్చనీ తొక్కి పోయింది. పక్క చేను సుంకమ్మ వచ్చి చూసి, “ఏమప్పా దివాకరా, నువ్వు ఎండాకాలమంతా కొండమీది ఎలుగులకి నీళ్లు మోసి పెంచితివే, ఇప్పుడు నీ చేన్లోకే వచ్చి పలకరించి పోయినాయి” అని నవ్వింది. నేనూ నవ్వాను.

ఇక అసలు సంగతి. గుండ్లకొండ పార్కు దారి మళ్లీ తెరుస్తున్నారు. అక్టోబరులో వన్యప్రాణి వారోత్సవాలు మొదలయ్యే రోజున. ఎలుగు పంజా మీ అమ్మ చెంపనూ, కుడి కంటినీ తీసుకుపోయిన ఆ మే నెలలో అటవీ శాఖవాళ్లు గేటుకు వేసిన తాళం ఇన్నాళ్లకు తీస్తున్నారు. గేటు మూసినా మన కొండ సంఘం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. గార్డుల వెంట పోయి ఎండాకాలం జంతువులు తాగే తొట్టెలు నింపుతూనే ఉన్నాం. నిప్పు పాకకుండా గడ్డి చెక్కుతూనే ఉన్నాం. నువ్వు బడిపిల్లలతో నాటించిన మొక్కల్లో నేరేడు చాలావరకు చచ్చిపోయింది. సీతాఫలం మాత్రం మొండిగా నిలబడి పోయినేడాది కాపు కూడా పట్టింది. సందర్శకులు కూర్చునే బండకు చుట్టూ ఇనుప కమ్మీలు పెట్టారు. తొట్టి దగ్గరికి పోయే పాత అడ్డదారిని కంప వేసి మూసేశారు. గార్డు తోడు లేకుండా ఇక ఎవరూ గేటు దాటకూడదట.

దీని గురించే పోయిన ఆదివారం సంఘం మీటింగు పెట్టుకున్నాం. వచ్చినవాళ్లకు కొండను చూపించడానికి మనిషి కావాలి. ఎవరున్నారు అన్న మాట రాగానే అందరూ నా వైపు చూశారు. నీ పేరు ఎవరూ ఎత్తలేదు గాని అందరి మనసులోనూ నువ్వే. సాయంత్రం పూట ఆ బండ మీద అందరినీ బోర్లా పడుకోబెట్టి, బైనాక్యులర్ చేతికిచ్చి, ఊపిరి తప్ప ఇంకేమీ వినపడకూడదని చెప్పేదానివి. బెంగళూరు నుంచి సెల్‌ఫోన్లు పట్టుకుని గోలగా దిగినవాళ్లు కూడా, ఎలుగు వీపు మీద పిల్లలను చూశాక కిందికి దిగేటప్పుడు గుడిలోంచి వచ్చినట్టు మెల్లగా నడిచేవాళ్లు. అదంతా నాకు గుర్తొచ్చింది. ‘పాపకు కొండంటే కోపం వచ్చేసింది, ఆమెను అడగొద్దండప్పా’ అని మాత్రం అన్నాను.

అందరూ వెళ్లిపోయాక నీ నేస్తం రేఖ ఒక్కతే ఆగింది. చాపలు చుట్టి పెడుతూ, నా మొగం చూడకుండానే, “చిన్నాయనా, దానికి కొండ మీద కోపమని ఎవరు చెప్పినారు నీకి?” అని అడిగింది. ఎవరో చెప్పాలా, నాకు తెలియదా అన్నాను. “నీకి తెలీదు. దాని కోపమంతా దాని మీదనే” అన్నది.

ఆ తర్వాత అంతా చెప్పింది. ఎవరికీ చెప్పనని దానిచేత ఒట్టు పెట్టించుకున్నావట. ఒట్టు తప్పినందుకు దాని మీద కోపం తెచ్చుకోవద్దు. తప్పకపోయి ఉంటే నేను ఈ జన్మకు తెలుసుకునేవాణ్ని కాదు.

ఆ రోజు అనుకున్నదానికన్నా ఎక్కువమంది రావడంతో నువ్వు మధ్యాహ్నానికి కిందికి దిగలేకపోయావు. అమ్మకు ఫోను చేసి, పైకి అన్నం తెచ్చిపెట్టమన్నావు. ఆమె వస్తూ ఉండగానే ఆ ఘోరం జరిగింది. అనంతపురం ఆసుపత్రి వరండాలో మీ అత్త రామసుబ్బమ్మ గోడకు తల కొట్టుకుంటూ, “అన్నం తెమ్మని తల్లిని ఎలుగ్గొడ్డు నోటికి పంపిందే” అని ఏడ్చిందట. నువ్వు విన్నావట. నీ పక్కన రేఖ ఉంది. నువ్వు దాని చేతిని నొప్పి పుట్టేలా పట్టుకున్నావట.

అప్పుడు నేను లోపల డాక్టరు దగ్గర ఉన్నాను తల్లీ. నాకు ఆ మాట వినపడలేదు. వినపడి ఉంటే అక్కడే తుంచేసేవాణ్నేమో. ఏమో, నాకూ ఆ వేళ మతి లేదు. నిన్న పనిగట్టుకుని మీ అత్త ఇంటికి పోయి అడిగాను. ఆమెకు ఆ మాట అన్నట్టే గుర్తు లేదు. “ఆ ఏడుపులో ఏమంటినో ఏమో దివాకరా, పాపను అంత మాట అంటినా?” అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అన్న మనిషి మరిచిపోయింది. విన్నదానివి నువ్వు ఇన్నాళ్లూ మోస్తున్నావు.

ఊళ్లో బడి ఉద్యోగం వదిలి నువ్వు కదిరికి పోయినప్పుడు, పెద్ద కాలేజీ కదా, మంచిదే అనుకున్నాను. పండగకు వచ్చి పూటలోనే బస్సెక్కితే, పని ఉంటుందిలే అనుకున్నాను. కొండ మాట ఎత్తితే లేచి పోతుంటే, భయం తీరలేదనుకున్నాను. అన్నిటికీ నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను. నిన్ను మాత్రం ఒక్కసారీ అడగలేదు. జరిగినదాని గురించి ఇంట్లో మాట్లాడకపోవడమే మంచిదని నా నమ్మకం. మానుతున్న పుండును కెలకగూడదని అనుకున్నాను గాని, అది లోపల మానుతోందో లేదో చూడాలని నాకు తోచలేదు.

నీకు తెలియని సంగతి ఇంకొకటి ఉంది. నువ్వు ఇంటికి వచ్చినప్పుడు అమ్మతో వంటింట్లో అటు తిరిగి మాట్లాడతావు. గిన్నెలు తోముతూనో, ఫోను చూస్తూనో బదులు చెబుతావు. అది నీ బాధ అని మీ అమ్మకు తెలియదు. తన మొగం చూడలేక అట్లా చేస్తున్నావని ఆమె అనుకుంటుంది. ఒకసారి నాతో, “పాప బెదురుకుంటాంది, దాన్ని ఏమీ అనొద్దు” అని చెప్పింది. నువ్వు వచ్చే బస్సు వేళకు ఆమె కొంగును కుడివైపు చెంప మీదికి లాక్కుంటుంది. నీకు మంచి వైపే కనపడేటట్టు గోడ వారగా పీట వేసుకుంటుంది. ఒకే ఇంట్లో మీరిద్దరూ ఒకరి నుంచి ఒకరు దాక్కుంటూ ఉంటే, నేను నడుమ కూర్చుని పేపరు చదువుకున్నాను.

ఆశ్రితా, బిడ్డ ఆకలేసి తల్లిని అన్నం అడగడం తప్పు ఎట్లా అవుతుంది? ఆ కొండ మీద అడవి జంతువులు ఉన్నాయని మనందరికీ తెలుసు. వాటి కోసమే కదా మనం అంత పాటుపడింది. ఆ రోజు ఎవరికి ఏది రాసిపెట్టి ఉందో అది జరిగింది. ఇంతకన్నా మంచిగా చెప్పే విద్య నాకు రాదు.

దారి తెరిచే రోజుకు రమ్మని నేను అడగను. రేఖ నేర్చుకుంటోంది, నెమ్మదిగా చూపిస్తుంది. కొండ నువ్వు లేకుండానూ ఉంటుంది. ఇల్లు మాత్రం ఉండదు. ఒకసారి వచ్చి మీ అమ్మకు ఎదురుగా కూర్చో. ఏమీ మాట్లాడకపోయినా పరవాలేదు.

నీ కోసం బస్టాండు వైపు చూస్తూ,
మీ నాయన
దివాకర్

తా.క.: దీన్ని కవరులో పెట్టేముందు మీ అమ్మకు చదివి వినిపించాను. నువ్వు ఇంత బాధ పెట్టుకున్నావని ఆమెకూ తెలియాలి కదా అని. విన్నాక నా చేతిలోని కలం లాక్కుంది. కింది మాటలు ఆమెవి. నాకూ ఇప్పుడే తెలిశాయి. ఒక్క అక్షరం కూడా దిద్దలేదు.

పాపా, నా రాత వంకరగా ఉంటాది, ఎలుగు గీరిన ఈ చెయ్యి ఇంగా సరిగ్గా మడవలేను. నీ లోపల ఇట్లాంటి మాట ఉండాదని నేను ఎరగను.

ఆ పొద్దు అన్నం క్యారియరు గేటుకాడ కాపలా రంగన్నకిచ్చేసినా. ‘నువ్వు పైకి పోయేటప్పుడు పాపకిచ్చేయప్పా’ అని చెప్పినా. అన్నం పని నాకి ఆడికే అయిపోయినాది. ఇంగ ఇంటికి రావాల. రాలే. అడ్డదోవ పట్టుకోని తొట్టికాడికి పోయినా. నిన్ను చూసేకి పోతాండానని రంగన్న అనుకున్యాడు, ఆయప్పనీ ఎవరూ అడగలే.

మాఘమాసం నుంచీ అట్లే పోతాంటి. మీ నాయన చేనికి పోయినాక, నువ్వు బడికి పోయినాక. గుండురాయి చాటున కూచ్చుంటే ఆ తల్లి ఎలుగు పిల్లల్ని వీపు మీద ఎక్కించుకోని నీళ్లకి వచ్చేది. ఒగటి జారి కింద పడేది, మళ్ల వెంట్రుకలు పట్టుకోని ఎగబాకేది. ఒగదాన్నే నవ్వుకుంటాంటి. ఇంట్లో అట్ల నవ్వింది నాకి గుర్తు లేదు. ఎవరికీ చెప్పలే. చెబితే వద్దంటారు గదా. ఆ పొద్దు పిల్లలు పెద్దవైపోతాండాయి, ఇంగ వీపు దిగిపోతాయి, దగ్గర నుంచి చూడాల అనిపించి గుండు దాటి ముందుకి పోయినా. అట్ల పోగూడదని నువ్వు వచ్చినోళ్లందరికీ చెప్పేది నేనూ వినిందే.

ఆస్పత్రిలో దవడకి తీగ కట్టినారు, మాట రాలే. మాట వచ్చినాక ఎవరూ అడగలే. ఆడది కొండెక్కిందంటే ఎవరికో అన్నం ఎత్తుకోనే పోయింటాదని అందరూ అనుకున్యారు. అట్లే అనుకోనీలే, తిట్లు తప్పుతాయి అని ఊరుకుంటి. అది పోయి నీ మీద పడతాదని తెలిసింటే, నోరు లేకపోయినా అప్పుడే పలక మీద రాసి చూపించేదాన్ని.

ఆ తల్లి దాని పిల్లల కోసం నన్ను కొట్టింది. నేను నా కోసం ఆడికి పోయినా. మా ఇద్దరి నడుమ నువ్వు యాడా లేవు పాపా.

అమ్మ