పసుపు రాసిన హెల్మెట్

జులై 3
సైకిలు మీంచి పడ్డాను. కోట దగ్గర కంకర మీద చక్రం జారింది. తల వెనకభాగం రోడ్డుకు ఠంగుమని... లేచి కూర్చున్నాను. హెల్మెట్ ఉండబట్టి తలకేం కాలేదు, మోచెయ్యి దోక్కుపోయింది. హనుమకొండ చేరి, ల్యాబ్‌కొచ్చిన అందరికీ పరీక్షలకు రక్తం తీశాను. ఇంట్లో చెప్పకూడదనుకున్నాను. మోచెయ్యి చెప్పేసింది.

జులై 4
ఆయన ఒకటే మాట— "సైకిల్ బంద్ జెయ్. బస్సుల పో."
అడ్డుపడింది అత్తమ్మే. హెల్మెట్‌కి పసుపు రాసి బొట్టు పెట్టి, దేవుడి గూటి పక్కన మేకుకి తగిలించింది. "నా కోడలి పానం కాపాడింది. గిది ఉన్నంక ఫికరెందుకురా?"
బతికిపోయాననుకున్నాను.

జులై 6
హెల్మెట్ లోపలి మెత్త తీసి చూశాను. వెనక థర్మాకోల్ అణిగిపోయి ఉంది, బొటనవేలు పట్టేంత గుంట. పైన చిప్పకి ఒక గీత, అంతే.

జులై 7
సైకిల్ షాపు అన్నకు చూపించాను. "తల టక్కున ఆగకుండ, గా తెల్లది అణుక్కుంట అణుక్కుంట ఆపుతది చెల్లే. నలుగుడే దాని పని. ఒక్కసారి నలిగితె మళ్ల ఉబ్బది. ఇగ పారెయ్."
పారేస్తే అత్తమ్మ ఊరుకోదు. ఎందుకో చెబితే ఆమె ధీమా పోతుంది, దాంతో నా సైకిలూ పోతుంది.

జులై 9
అదే పెట్టుకుని వెళ్లాను. మెడ బిగబట్టి. లారీ హారన్ కొడితే చాలు, దిగి నిలబడుతున్నాను. రోజుకు సైకిలు మీదున్న ఆ నలభై నిమిషాలే నన్నెవరూ పిలవరు. ఇప్పుడవీ ఇరుకైపోయాయి. కోపం వస్తోంది... అత్తమ్మ మీద చూపించలేను.

జులై 12
ఇవాళా చెప్పలేదు.

జులై 14
చెబుదామనే వంటింట్లోంచి బయటికొచ్చాను. అత్తమ్మ అప్పటికే హెల్మెట్‌ని మా పాప తలకు పెట్టి పట్టీ బిగిస్తోంది. ఆరో తరగతి, రేపట్నుంచి బడికి సైకిలు మీద పోతానని గొడవ. "తల్లిని కాపాడింది, బిడ్డను కాపాడదా?"
ఆయన కూడా ఒప్పుకున్నాడు! నాతో అన్నాడు— "నువ్వు కొత్తది తెచ్చుకో."
పాప అద్దం ముందు అటూ ఇటూ తిరిగింది. "అమ్మా, మంచిగుందా?"
ముగ్గురూ నా వైపే చూస్తున్నారు.
"మంచిగుంది" అన్నాను.
ఎందుకన్నాను?
రేపు ఏడున్నరకు బడి.