ఎర్రకాడ విత్తనం

దోహా, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్,
1 డిసెంబరు 1978, శుక్రవారం.

చి.ల.సౌ. అరుంధతికి రామచంద్రరావు ఆశీస్సులతో రాయునది. ఇక్కడ నా ఒంటికి ఏ లోటూ లేదు. అక్కడ నువ్వూ, నీ కడుపులోని చంటిదో చంటివాడో, అత్తయ్యా, మీ చెల్లెలు సావిత్రీ చల్లగా ఉన్నారని నమ్ముతున్నాను.

ముందు నిన్నటి టెలిగ్రాం సంగతి. అది చూసి మీ ఇంట్లో ఎంత గోల అయిందో ఊహించుకుంటే నాకు చెమటలు పడుతున్నాయి. మనవాళ్ళకి టెలిగ్రాం అంటే చావు కబురేగా! విప్పకముందే అత్తయ్య శోకాలు మొదలుపెట్టి ఉంటుంది, నెలలు నిండినదానివి నువ్వు హడలిపోయి ఉంటావు. తప్పే. కానీ ఉత్తరం చేరేలోపు ఆవిడ నేను పంపిన విత్తనాలు చల్లేస్తుందేమోనని, "చల్లవద్దు, ఉత్తరం వస్తోంది" అని కొట్టించక తప్పింది కాదు. ఎందుకు చల్లొద్దో ఇందులోనే రాస్తాను. కొంచెం ధైర్యం కూడదీసుకోనీ.

నీ ప్రశ్నలకి జవాబులు. అన్నం నేనే వండుకుంటున్నాను, మాడుతోంది, తింటున్నాను. కంపెనీలో పని నెత్తిమీదికి వచ్చింది. చమురు డబ్బు పుణ్యమా అని ఊరంతా తవ్వి పోస్తున్నారు, నా బల్ల మీద ప్లాన్ల చుట్టలు పెట్టడానికి చోటు లేదు. నీ కాళ్ళ వాపు సంగతి డాక్టరమ్మకి చెప్పావా? "చెప్తాలెండి" అని దాటేయకు. ఉప్పు తగ్గించు. నాకు ఇక్కడ ఆ దిగులే చాలు.

ఇక మన రెండో బాత్రూం. నువ్వు టబ్బులో మట్టి నింపి, పైన ట్యూబులైట్లు వేలాడగట్టి వెళ్ళావు కదా, ఆ మొక్కలు నడుం ఎత్తు దాటాయి. ఆకు చేతివేళ్ళలా సన్నగా చీలి, కాడ ఎర్రగా, అచ్చం మీ ఇంటి గోంగూరే. అయితే పూత మాత్రం రాలేదు. నేను వాటికి ఎండ తక్కువైందనుకుని రాత్రింబవళ్ళు లైట్లు వెలిగించే ఉంచాను. అంతలో "రాత్రిళ్ళు చీకటి పడనిస్తున్నాడా అల్లుడు?" అని అత్తయ్య అడిగిందని నువ్వు రాశావు. చదివి నాలుక కరుచుకున్నాను. పొద్దుగూకితే గాని దానికి పూయాలని తోచదట! ఆ రోజునుంచీ సాయంత్రం కాగానే లైట్లు ఆపేశాను. వీధిదీపం వెలుగు పడుతోందని వెంటిలేటరుకి నల్ల కాగితం అంటించాను, తలుపుకి తాళం వేశాను. కొన్నాళ్ళకి మొగ్గ వేసింది. పసుపు పువ్వు, మధ్యలో ఎర్ర చుక్క. నువ్వు ఉంటే బాగుండేదనిపించింది.

ఆ మొక్కల విలువ నాకు తెలియదనుకోకు. మీ ఇంట్లో ఆడపిల్ల కాపురానికి వెళ్తుంటే ఒడిలో ఆ విత్తనం మూటగట్టి పంపే ఆనవాయితీ చూసి పెళ్ళిలో నవ్వినవాణ్ణి నేనే. పోయిన ఏడు ఉప్పెనలో అటకా, అటక మీది విత్తనాల కుండా, గోడతో సహా కొట్టుకుపోయాక, మీ వంశపు గోంగూర నీ ఒడిలో వచ్చిన ఆ గుప్పెడులోనే మిగిలిందని తెలిసి నవ్వు ఆగిపోయింది. ఆ గుప్పెడూ నువ్వు ఈ టబ్బులోనే చల్లావు. దాన్ని కాపాడే పని నా మీద పెట్టి పురిటికి వెళ్ళావు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, బాత్రూం పైపు కారింది. కంపెనీ క్యాంప్ నుంచి లింబాద్రి అనే ప్లంబరు వచ్చాడు, నిజామాబాద్ వైపు మనిషి. తాళం తీయక తప్పలేదు. లోపల అడుగు పెట్టి, మొక్కల్నీ నల్ల కాగితాన్నీ చూసి, రెంచీ కింద పెట్టేశాడు.

"సారూ, గిదేంది? గంజాయి లెక్కనే ఉంది గదా!"

"గోంగూరయ్యా బాబూ!"

"గోంగూరంటే మా దిక్కు పుంటికూరనే గద సార్. మా పుంటికూర ఆకు గిట్ల చీలి ఉండది. గీడ గసొంటిది దొరికితే జైలే. మీరేం ఫికర్ జేయకుండ్రి, నేనెవ్వలకు జెప్ప."

చూశావా, ఎవరికీ చెప్పనన్నాడు! ఆ మాటతో నా పైప్రాణాలు పైనే పోయాయి. గంజాయి అని గట్టిగా అని ఉంటే వాదించేవాణ్ణి. చెప్పను అన్నాడంటే నమ్మలేదనేగా? ఆకు తెంపి నోట్లో పెట్టి ఉంటే పోయేది, ఆ క్షణంలో నాకు బుద్ధి పుట్టలేదు. అతను వెళ్ళాక ఆకుని నేనే తేరిపార చూశాను. తాళం, నల్ల కాగితం, గదిలో లైట్లు. నేనే పోలీసునైతే నన్ను నేను వదలను. వీసా పోతుంది, ఉద్యోగం పోతుంది, పుట్టబోయే బిడ్డ మొహం జైలు ఊచల్లోంచి చూడాలి. ఇవే ఆలోచనలు. వీధిలో కారు ఆగితే కిటికీ దగ్గరికి పరుగు.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం నిజంగానే మన గేటు ముందు పోలీసు జీపు ఆగింది.

అరుంధతీ, ఇక్కడినుంచి కొంచెం గుండె దిటవు చేసుకుని చదువు. నేను బాత్రూంలోకి పరుగెత్తి మొక్కలన్నీ పీకేశాను. కాయలతో సహా. తుంచి, విరిచి, కమోడులో కుక్కి నీళ్ళు వదిలాను. అది పూడుకుపోయి నీళ్ళు తలుపు కిందనుంచి వసారాలోకి పారాయి. పక్క పోర్షన్ మెహర్ సుల్తానాగారు తలుపు బాదారు. తీశాను. చేతుల నిండా మట్టి, ఒళ్ళంతా నీళ్ళు.

"యా అల్లా! భాయ్‌సాబ్, ఏం చేస్తున్నారు?" అని, కింద పడిన ఆకు ఒకటి తీసి నమిలారు. "అరే, ఇది అంబాడా, మీ గోంగూర! మా అమ్మీ దీంతో గోష్త్ వండేది. ఇంత మంచి కూరని మోరీలో ఎందుకు వేశారు?"

"పోలీసులు..." అన్నాను.

"వాళ్ళా? మావారు పికప్ ఎవరి గేటుకో అడ్డం పెట్టారంట. తీయించి పోయారు."

అంతే. నా కోసం ఎవరూ రాలేదు. టబ్బులో ఒక్క మొక్క మిగిలింది, అదీ నా దయవల్ల కాదు, వేరు నీళ్ళు పోయే బెజ్జంలో చిక్కుకుని ఊడి రాకపోవడం వల్ల. పీకినవాటి కాయలన్నీ ఏరి గిల్లి చూశాను. అన్నీ పాలగింజలే. ఎండబెడితే తాలుగా ముడుచుకుపోయాయి.

ఇది జరిగిన వారానికే మా ఆఫీసు రామకృష్ణారావుగారి ఇండియా ప్రయాణం. విత్తనాలు ఆయనతో పంపుతానని నీకు ముందే రాసేశాను. ఆయన టీ తాగుతూ, "పొట్లం ఏదయ్యా?" అన్నారు. రేపు ఇస్తానన్నాను. మర్నాడు అల్ ముంతజాలో విత్తనాలమ్మే కొట్టుకి వెళ్ళి గోంగూర విత్తనాలు కొన్నాను. ఏ ఊరివో ఏ దేశంవో కూడా అడగలేదు. నీ పాత చీర చెంగు చింపి, మీవాళ్ళు కట్టినట్టే మూటగట్టి ఇచ్చాను. అరుంధతీ, అక్కడికి చేరినవి మీ విత్తనాలు కావు.

ఒక కాపు కాస్తే అన్నీ ఒకటే, ఎవరు కనిపెడతారులే అనుకున్నాను. తరవాత నీ ఉత్తరం వచ్చింది. అమ్మ మూట విప్పి, కళ్ళకద్దుకుని, దోసిట్లో పోసుకుని ఏడ్చిందన్నావు. ఉప్పెన తరవాత ఆవిడ ఏడవడం అదే మొదటిసారి అన్నావు. పెరట్లో మడి కట్టించిందనీ, కాసిని తీసి సావిత్రి ఒడిలో కట్టడానికి దాచిందనీ రాశావు. అది చదివాక నాకు అన్నం సయించలేదు. అబద్ధం నా దగ్గర ఉంటే మోసేవాణ్ణి. అది సావిత్రి ఒడిలోకి, ఆ తరవాత దాని కూతురి ఒడిలోకి పోతుందనేసరికి తట్టుకోలేకపోయాను. అందుకే టెలిగ్రాం.

మిగిలిన ఆ ఒక్క మొక్కకి కొన్ని కాయలున్నాయి. ఇంకా పచ్చివే. లింబాద్రిని పిలిచి పూడిక తీయించుకున్నాను. ఆకు తినిపించాను. "పుల్లగనే ఉన్నది సార్, మరి తాళమెందుకేసిండ్రు?" అని నవ్వాడు. తాళం తీసేశాను. మెహర్ సుల్తానాగారి పిల్లలు వచ్చి చూసిపోతున్నారు. సాయంత్రం కాగానే లైటు ఆర్పి, చీకట్లో కాసేపు దాని దగ్గరే కూర్చుంటున్నాను. కాయలు ఎండేదాకా అది బతుకుతుందా, ఎండినా అందులో గట్టి గింజ ఉంటుందా, చెప్పలేను. భయంగా ఉంది. మొన్నటి భయం కాదిది.

అత్తయ్యకి చదువు రాదు కాబట్టి ఈ సంగతి నువ్వే చెప్పాలి. నన్ను వెనకేసుకొచ్చి, మెత్తగా మార్చి చెప్పకు. ఉత్తరం ఆవిడ ఎదురుగా కూర్చుని, ఉన్నది ఉన్నట్టు చదువు. మడి ఖాళీగానే ఉంచమను. ఆవిడ నన్ను ఏమని తిడుతుందో ఒక్క తిట్టు కూడా వదలకుండా రాయి. తిట్టకుండా ఊరుకుంటే మాత్రం, ఆ మాట నాకు రాయకు.

ఇట్లు,
నీ జవాబు కోసం భయపడుతూ,
నీ భర్త,
రామచంద్రరావు