కరగనివ్వని ఐసు

వైస్ ఛాన్సలర్ మేడమ్‌గారికి, మీ పాత ల్యాబులో గాజు సామాను కడిగే మనిషి రాసుకునేది.

మూడేళ్ల క్రితం ఎంజైము ట్యూబును ఐసులో పెట్టుకుని మీరు పనిచేస్తుంటే, ఈ పదవి వచ్చిందని ఫోనొచ్చింది. "ఐదు నిమిషాల్లో వచ్చేస్తా, ఐసు కరగనివ్వకు" అని వెళ్లారు. అప్పట్నుంచి పొద్దునా సాయంత్రం ఐసు మారుస్తూనే ఉన్నాను.

ట్యూబులో ఎంజైము ఎప్పుడో చచ్చిపోయిందని స్టూడెంట్లు నవ్వుతారు. ఆ మాత్రం నాకూ తెలుసు, ఇరవై ఏళ్లు మీ చేత తిట్లు తిన్నదాన్ని.

శుక్రవారం నేను రిటైరవుతున్నాను. కొత్తగా వచ్చేవాళ్లకు దీన్ని అప్పగిస్తే నాకు పిచ్చంటారు. పారబోయమని మీరే వచ్చి చెప్పండి. ఫోనులో చెబితే వినను.

మీ తెల్లకోటు ఉతికి ఉంచాను. ఈసారి నిజంగా ఐదు నిమిషాలే ఉన్నా పర్వాలేదు.