లోపలి నుంచి వచ్చిన మర్యాద

మయామి, సెప్టెంబరు

ప్రియమైన అమ్మాయి మిర్లాండ్‌కి,

నా రాత కోడి గెలికినట్టుంటుంది. తప్పులుంటే సర్దుకుని చదువుకో. ఊరి బడిలో అబ్బింది ఇంతే.

మీ అమ్మ ఎర్మాన్స్ పోయినప్పటి నుంచి మన హైతీవాళ్ల సాంస్కృతిక కేంద్రంలోకి ఎవరూ రావడం లేదు. డోళ్లు గోడకి వేలాడుతున్నాయి. నాట్యం నేర్చుకునే పిల్లలు మానేశారు. నువ్వు పెట్టించిన బెల్లు బాగానే ఉంది గాని మనవాళ్లు దాన్ని నొక్కరు. గుమ్మం బయట నిలబడి "గౌరవం!" అంటారు. లోపలి నుంచి "మర్యాద!" అని వినబడితేనే గడప దాటుతారు. మీ అమ్మ వీధి చివరిదాకా వినబడేలా అనేది. ఇప్పుడు అనేవాళ్లు లేరు. వచ్చినవాళ్లు కాసేపు చూసి వెళ్లిపోతారు. నేను వంటగదిలో ఉండి వింటూనే ఉంటాను. నా నోటి సంగతి నీకు తెలుసు.

ఉంటాను,
ఆల్సియూస్ బాబాయ్


మాంట్రియల్, అక్టోబరు

ప్రియమైన బాబాయ్,

లోపలే ఉండి పలకకపోతే ఎలా? ఒక్క మాటేగా! "గోడలకైనా నోరొస్తుందేమో గాని ఆల్సియూస్‌కి రాదు" అని అమ్మ ఊరికే వెక్కిరించేది కాదు.

రెండు ఉద్యోగాలు చేసి కేంద్రం ఖర్చులు కడుతున్నాను. ఇంక నా వల్ల కాదు. ఏడాది చివరికల్లా అది తన కాళ్ల మీద తాను నిలబడకపోతే అమ్మేస్తాను. రాస్తుంటే నాకూ ఏడుపొస్తోంది.

నీ
మిర్లాండ్


మయామి, నవంబరు

ప్రియమైన అమ్మాయికి,

కిందటి నెల మన ఇవ్రోజ్ తమ్ముడు పోయాడు. చనిపోయినవాడి కోసం తొమ్మిది రాత్రులు జాగారం చేస్తే గోల అని ఆమె అద్దెకుండే ఇంటివాళ్లు ఒప్పుకోలేదట. మన గుమ్మం ముందుకొచ్చి "గౌరవం" అంది. నేను కాఫీ వడపోస్తూ ఎప్పటిలాగే ఊరుకున్నాను.

"మర్యాద!" అని వినబడింది.

అది మీ అమ్మ గొంతు. కాఫీ నేల మీద ఒలికింది. పోయినవాళ్లకి ముందుగా పోసేది నేల మీదే కదా, పోనీ అనుకున్నాను.

ఇవ్రోజ్ లోపలికొచ్చి, "ఏం ముసలాడా, నీకు నోరెప్పుడొచ్చింది?" అంది. పలికింది నేను కాదని ఎలా చెప్పను?

తొమ్మిది రోజులూ జనమే. పాటలు, అల్లం టీ, డొమినో బిళ్లల ఆట. ఓడినవాడి చెవులకి బట్టల క్లిప్పులు పెట్టి, "ఏరా, చెవులు ఆరేసుకున్నావా?" అని ఒకటే నవ్వులు. తరవాత ఇంకో ఇంటివాళ్లు అడిగారు, తరవాత ఇంకొకరు. హాలుకి అద్దె ఇస్తున్నారు. జాగారానికి వచ్చిన పిల్లలు డోళ్లు దింపించుకున్నారు. కరెంటు బిల్లుకి నువ్వు పంపక్కర్లేదు. పోయినవాళ్లే మనల్ని పోషిస్తున్నారు.

కానీ భయంగా ఉందమ్మా. ఎవరొచ్చినా ఆ గొంతే పలుకుతోంది.

ఉంటాను,
బాబాయ్


మాంట్రియల్, డిసెంబరు

ప్రియమైన బాబాయ్,

మొన్న చెప్పకుండా మయామి వచ్చి వెళ్లాను. అమ్మకం కాగితాలు సంచిలోనే ఉన్నాయి. గుమ్మంలో నిలబడి "గౌరవం" అన్నాను. అమ్మ పలికింది.

వంటగది కిటికీ దగ్గర నీకు కనబడకుండా నిలబడి మళ్లీ అన్నాను. కదిలింది నీ పెదాలే, బాబాయ్. ఇన్నేళ్లు వినీ వినీ అమ్మ గొంతు నీకు పట్టుబడిపోయింది. పలుకుతున్నట్టు నీకే తెలియదు.

లోపలికి రాలేకపోయాను. ఏడుస్తూ వెళ్లిపోయాను. కాగితాలు చించేశాను, కేంద్రం అమ్మను. నువ్వు భయపడకు. అది నువ్వే.

నీ
మిర్లాండ్


మయామి, జనవరి

ప్రియమైన అమ్మాయికి,

కేంద్రం అమ్మనన్నావు. చాలు.

నీ ఉత్తరం చదివాక, పలికేది నేనో కాదో చూద్దామనుకున్నాను. నిన్న గుమ్మంలో ఎవరో "గౌరవం" అనగానే నోటి మీద చెయ్యి గట్టిగా అదిమిపెట్టుకున్నాను. అయినా జవాబొచ్చింది. డొమినోలాడేవాళ్లు, ఇవ్రోజ్, డోళ్ల దగ్గరి పిల్లలు, హాలు హాలంతా ఒక్కసారిగా "మర్యాద!" అంది. అందులో మీ అమ్మ గొంతూ ఉంది. ఎవరి నోటి నుంచో చూద్దామని తల తిప్పబోయి మానేశాను.

నువ్వు చేసింది మాత్రం తప్పు. పిలిచి, పలికించుకుని, లోపలికి రాకుండా పోకూడదు. నీకిచ్చిన ఆ మర్యాద ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉంది. దానికి తగలకుండా నేను పక్కనుంచి నడుస్తున్నాను.

ఎప్పుడొస్తావో వెంటనే రాయి.

ఆల్సియూస్ బాబాయ్