పడవ అమ్మేశాం, అన్నయ్యా

అన్నయ్యా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇవాళ వదినా నేనూ నీ పడవ అమ్మేశాం.

ఆనాటి గాలివానకు పడవ ఒక్కటే ఒడ్డుకు కొట్టుకొచ్చింది. నువ్వు రాలేదు. సముద్రం వైపు చూడలేక నేను బెజవాడ వెళ్లి, ఆటోనగర్‌లో లారీల షెడ్డులో చేరిపోయాను. అయినా నెలకో ఆదివారం బందరు వచ్చేవాణ్ణి. వదినా నేనూ కలిసి చెక్కలకు సొరచేప నూనె పట్టించేవాళ్లం, తెరచాప ఎండబెట్టి చిరుగులు కుట్టేవాళ్లం. పడవ మాత్రం ఇసుకలోనే ఉండేది.

నిజాంపట్నం నుంచి వచ్చిన ఆసామి పడవ చుట్టూ తిరిగి, "సముద్రంలో నడిపి చూడందే కొననండీ" అన్నాడు. నేను రెండడుగులు వెనక్కి వేశాను.

వదిన కొంగు బిగించింది. "చుక్కాని నేను పడతా. నువ్వు తెరచాప తాడు పట్టుకో అబ్బాయ్."

కాలువ దాటి సముద్రంలో పడగానే గాలి మళ్లింది. పడవ ఒక పక్కకు ఒరిగి, అల నా ఒళ్లో విరిగింది. కళ్లు మూసుకుని నిన్ను పిలిచాను. పైకే అరిచానట. వదిన నువ్వు నేర్పినట్టే చుక్కాని తిప్పి పడవను నిలబెట్టింది. అతుకుల్లోంచి చుక్క నీరు రాలేదు.

"ఇంత బాగా చూసుకున్న పడవ ఎందుకమ్ముతున్నారమ్మా?" అన్నాడు ఆసామి.

"చూసుకోగలిగాం బాబూ. ఎక్కలేకపోయాం" అంది వదిన.

ఒడ్డుకు చేరాక అతను బేరం ఖాయం చేసుకుని దిగిపోయాడు. నేను దిగలేకపోయాను. తాడు పట్టుకున్న చేయి ఎంతకీ తెరుచుకోలేదు. వదినే పక్కన కూర్చుని ఒక్కో వేలూ విప్పింది.

విప్పాక తనూ దిగలేదు, అన్నయ్యా.