రేడియేటర్‌లో సంకటి

జనవరి 20

ఈరోజు కూడా డ్రమ్ము దగ్గర గొడవ. ఎక్కడో ఒకచోట రాసుకోకపోతే తల పగిలేలా ఉంది. తెలుగులో రాస్తున్నాను. మా తిరువళ్లూరు షెడ్డులో తెలుగు మాట్లాడేవాళ్లు సగం మంది ఉన్నారు, చదివేవాళ్లు ఒక్కరూ లేరు. అందరిదీ తమిళ బడే. మా అవ్వ చంద్రావతి పట్టుబట్టి నేర్పింది కాబట్టి నాకు వచ్చింది.

సంగతి ఇది. లారీకి కూలెంట్, అంటే ఇంజన్ చల్లబరిచే రంగునీళ్లు, పోశాక డబ్బా అడుగున పావు లీటరో అర లీటరో మిగులుతుంది. హెడ్ మెకానిక్ సుబ్రమణ్యం మామ దాన్ని మూలనున్న నీలం డ్రమ్ములో పోసి దాస్తాడు. పచ్చదీ అందులోకే, ఎర్రదీ అందులోకే. తర్వాత ఏ బండికి తక్కువైతే ఆ బండికి మగ్గుతో ముంచి పోస్తాడు. ముప్పై ఏళ్లుగా ఇదే పద్ధతి. పారబోస్తే లక్ష్మి పోతుందట.

ఒక్కో కూలెంట్‌లో ఒక్కో మందు ఉంటుంది, పడని రెండు కలిస్తే ఇంజన్ వేడికి గడ్డకడుతుంది, రేడియేటర్ సన్న గొట్టాలు మూసుకుపోతాయి అని చెప్పాను. డిప్లొమా చదివాను, ఇక్కడ రెండేళ్లుగా సర్వీస్ అడ్వైజర్‌ని. ఆయన నవ్వి, నువ్వు పుట్టకముందు నుంచి పోస్తా ఉండాను పాపా, ఏ బండీ చావలేదు అన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

జనవరి 21

ఇవాళ ఊరుకోలేదు. అందరి ముందూ అరిచాను. చదువు రాకపోవడం తప్పు కాదు మామా, చెప్పినా వినకపోవడం తప్పు అన్నాను. ఆయన మొహం మాడిపోయింది. మాడనీ. ఓనర్ రత్నస్వామి సార్ అద్దాల గదిలోంచి చూస్తూ టీ తాగాడు.

సాయంత్రం నేనే బజారుకు వెళ్లి నాలుగు డబ్బాలు తెచ్చాను. కొత్త లారీల్లో ఉండే లాంగ్ లైఫ్ రకం, ఆరెంజ్ రంగు. షెల్ఫులో పెట్టి, ఇకమీదట కొత్త బండ్లకు ఇదే పోయాలి అన్నాను. మామ స్పానర్ తీసుకుని బండి కిందికి దూరాడు.

ఫిబ్రవరి 6

చెంగల్రాయుడు అన్న కొత్త లారీ వచ్చింది. రేడియేటర్ కింది హోస్ పైపు చీలి సగం కూలెంట్ రోడ్డు పాలైంది. అన్నది పొదటూరుపేట, మా ఊరి పక్కే. మగ్గం వదిలి లారీ పట్టినవాడు. ఓనరూ తనే, డ్రైవరూ తనే. రెండేళ్లు తిరిగితే గానీ కాట్టుపల్లి పోర్టులో ఒక కంపెనీ లోడు దొరకలేదు.

హోస్ మార్చి కూలెంట్ నింపమని జాబ్ కార్డ్ రాసి మామకిచ్చి, నేను హాఫ్ డే లీవులో తిరుత్తణి వెళ్లాను. కొండ మీద అక్క కూతురికి చెవులు కుట్టించారు. పిల్ల ఏడవలేదు. బావ ఏడ్చాడు.

ఫిబ్రవరి 13, మధ్యాహ్నం 3

అనుకున్నంతా అయింది. చెంగల్రాయుడు అన్న లారీ మీంజూరు దగ్గర లోడుతో ఆగిపోయింది. టెంపరేచర్ ముల్లు ఎర్రగీత తాకగానే ఆపేశాడట. లాక్కొచ్చి మా షెడ్డులో పెట్టారు. చల్లారాక మూత తీశాను. లోపల కూలెంట్ లేదు. సంకటి ఉంది. గోధుమరంగులో, వేలు పెడితే వేలికి అంటుకునేంత చిక్కగా.

మామను పిలిచి ఆ వేలు చూపించాను. ఇదీ నీ డ్రమ్ము చేసిన పని అన్నాను. దొంగకు తేలు కుట్టినట్టు నోరు మెదపలేదు. వెళ్లి స్పానర్లు తెచ్చుకున్నాడు.

ఫిబ్రవరి 14

ఇవాళ కోపం సార్ మీద.

బండి ఎందుకు ఆగిందో వర్క్‌షాపు నుంచి లెటర్ తెమ్మందట కాట్టుపల్లి కంపెనీ. డ్రైవర్ నిర్లక్ష్యం అయితే గేట్ పాస్ రద్దు. అంటే అన్నకు ఆ లోడు పోయినట్టే, ఇంకోటి దొరికేదాకా లారీ ఇంటి ముందు నిలబడినట్టే. పంతొమ్మిదో తేదీ లోపల ఇవ్వాలి.

రత్నస్వామి సార్ నన్ను గదిలోకి పిలిచి, డ్రైవర్ దారిలో ఏదో బంకులో ఏదో పోసుకున్నాడని రాసెయ్ అన్నాడు. అన్న పోసుకోలేదు సార్ అన్నాను. నీకెట్ట తెలుసు, నువ్వు కూడా బండిలో పోయినావా అన్నాడు. మన పేరు చెడిపోతే నీ జీతం యాడనుంచి వస్తుంది అని కూడా అన్నాడు.

బయట చెంగల్రాయుడు అన్న బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఒళుంగా, ఉన్నదున్నట్టు రాయి పాపా, నేను ఒక చుక్క పోసింటే నా చెయ్యి పడిపోనీ అన్నాడు. ఆ మనిషి చేత ఒట్టు పెట్టించుకోవాల్సిన అవసరం నాకేంటి? తప్పు మా షెడ్డుది. మామది.

ఫిబ్రవరి 15

ఫ్లష్, అంటే లోపలంతా కడగడం. థర్మోస్టాట్ విప్పి, మంచినీళ్లు నింపి, ఇంజన్ నడిపి, చల్లార్చి, వదలాలి. మళ్లీ నింపాలి. మొదటిసారి ముద్దలు ముద్దలుగా పడింది. రెండోసారి బురద. మూడోసారి టీ. మామ ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. తిండికి కూడా లేవలేదు. నాటకం.

ఫిబ్రవరి 16

ఆరోసారికి నీళ్లు తేటపడ్డాయి. మామతో మాట్లాడలేదు.

ఫిబ్రవరి 17

లెటర్‌తో పాటు డ్రమ్ము ఫోటో కూడా పెడదామని పొద్దున్నే ఫోన్ తీసుకుని మూలకు వెళ్లాను, ఆ గొడవ తర్వాత మొదటిసారి. డ్రమ్ము లేదు. సాక్ష్యం మాయం చేశాడని రక్తం ఉడికిపోయింది. షెడ్డు ఊడ్చే సరసమ్మను అడిగాను. యాడుంది పాపా డ్రమ్ము, నువ్వు అరిచిన మర్నాడే మామ ఉన్నదంతా తీసేసి, సోడా వేసి తోమి నాకిచ్చేసినాడు కదా, మేము బట్టలు నానేస్తా ఉండాము అంది.

అరిచిన మర్నాడు. జనవరి 22.

అయితే ఫిబ్రవరి 6న చెంగల్రాయుడు అన్న బండికి పోసిందేమిటి?

షెల్ఫు దగ్గరికి వెళ్లాను. నాలుగు డబ్బాల్లో రెండే ఉన్నాయి. ఒకటి తీసి మొదటిసారి వెనక్కి తిప్పాను. చిన్న ఇంగ్లీషు అక్షరాలు. అన్న లారీకి ఆర్గానిక్ రకం పోయాలి. ఇది పాత సిలికేట్ రకం, దానికి పడదు. రంగు మాత్రం ఆరెంజ్. ముందువైపు పెద్దగా లాంగ్ లైఫ్ అని ఉంది. నేను అదీ రంగూ చూసి తెచ్చాను. డిప్లొమా చదివిన నేను.

మామ నేను చెప్పింది చెప్పినట్టు చేశాడు.

మధ్యాహ్నం ఆయన పక్కన కూర్చుని అడిగాను, నీకు ఎప్పుడు తెలిసింది అని. బండి మూత తీసిన పొద్దే అన్నాడు. డ్రమ్ము లేదు, ఇంక మిగిలింది నీ డబ్బానే కదా. మరి ఎందుకు నోరు విప్పలేదు అన్నాను. ముప్పై ఏండ్లు ఆ డ్రమ్ములోంచి పోసినాను పాపా, ఎన్ని బండ్లు ఏ రోడ్లో ఆగిపోయినాయో నాకు తెలుసునా, ఒక్క బండికి తిట్లు తింటే ఏమైపోతుంది అన్నాడు. నువ్వు చిన్నదానివి, పేరు చెడితే మళ్లీ రాదు అన్నాడు.

నాకు ఇంకా కోపం వచ్చింది. నా తిట్లు నేను తినలేనా? నాలుగు రోజులు ఆయన్ని దొంగను చేసి చూశాను. ఆ చూపు ఇప్పుడు ఎక్కడ పెట్టుకోవాలి? బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను. సిగ్గుతో ఏడ్చాను, జాలితో కాదు.

ఫిబ్రవరి 18

లెటర్ తమిళంలో రాశాను. మూడు వాక్యాలు, కింద సంతకం. డ్రైవర్ తప్పు లేదు. వేడెక్కగానే బండి ఆపి ఇంజన్ కాపాడాడు. పడని కూలెంట్ కొని ఈ బండికి పోయించింది నేను. భార్గవి, సర్వీస్ అడ్వైజర్. షెడ్డు ముద్ర సార్ బల్ల మీదే ఉంది, ఆయన ముందే వేశాను. సార్ లెటర్ లాక్కోబోయాడు. అప్పటికే చెంగల్రాయుడు అన్న చేతిలో ఉంది.

అన్న అది రెండుసార్లు చదివాడు. నన్ను తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. పోయొస్తా పాపా అని వెళ్లిపోయాడు.

సార్ రేపటి నుంచి రావద్దన్నాడు. మిగిలిన రెండు డబ్బాల మీద పెద్ద అక్షరాలతో కొత్త బండ్లకు పోయరాదు అని తమిళంలో రాసి వచ్చాను.

ఫిబ్రవరి 20

కాట్టుపల్లి గేటు నుంచి అన్న ఫోన్. పాస్ ఇచ్చేశారట. అంతే చెప్పి పెట్టేశాడు.

ఫిబ్రవరి 24, ఉదయం 11

మామ వాట్సాప్‌లో ఫోటో పంపాడు. ఏదో కొత్త డబ్బా, వెనక వైపు. కింద వాయిస్ మెసేజ్. ఇది ఏ బండికి పోయొచ్చునో చదివి చెప్పు పాపా అని.

పెద్దది చేసి చదివాను. మళ్లీ చదివాను. మూడోసారి కూడా చదివి, అప్పుడు చెప్పాను.